తెర లేదు, రంగు లేదు... అయినా వేషం కట్టాలి!

హీరో డైలాగు మీరే రాసుకోవచ్చు. మీరే చెప్పుకోవచ్చు. డైరెక్టరు లేడు, కెమెరా లేదు, మేకప్ మాన్ అసలే లేడు. కానీ ఎదురుగా నిలబడ్డ పాత్ర తిరిగి ఏమంటుందో మాత్రం మీకు తెలియదు! అలాంటి సినిమా ఎక్కడైనా ఉందా అంటారా? ఉందండీ. కాకపోతే అది చూసే సినిమా కాదు, రాసే సినిమా.

మన కుర్రకారు రాత్రిపూట ఫోన్లు పట్టుకుని ఏం చేస్తున్నారో అని కాస్త తొంగి చూస్తే, అందరూ రీళ్ళు చూస్తూ కూర్చోవడం లేదు. కొందరు రాస్తున్నారు! ఒకడు సేనాపతి. ఒకమ్మాయి రాకుమారి. ఇంకొకడు గురువు దగ్గర మంత్రం కాజేసి పారిపోయిన శిష్యుడు. ఒకరు నాలుగు వాక్యాలు రాస్తే, దానికి జవాబుగా ఇంకొకరు నాలుగు. కథ అలా ముందుకు పోతూ ఉంటుంది. బొమ్మలు లేవు, బాంబుల చప్పుళ్ళు లేవు, ఉత్త అక్షరాలు. దీన్ని రోల్ ప్లే అంటున్నారు. మనం ‘వేషాల ఆట’ అనుకుందాం, పోయేదేముంది!

మాది నడిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న గద్వాల సీమకి ఆ పేరు. అటు వనపర్తి, ఇటు నాగర్‌కర్నూల్, ఎటు వెళ్ళినా నేను సినిమాల మీద రాస్తానని తెలిసిన పిల్లలు చుట్టూ చేరతారు. హీరోల ముచ్చట్లు అయ్యాక గొంతు తగ్గించి ఒక ప్రశ్న వేస్తారు. “కొత్తగ చేరినం సార్. రెండు పోస్టులు రాసినం. ఇగ మూడోదానికి ఎవ్వరూ జవాబియ్యలే. మాది పల్లెటూరి భాష అనుకున్నరేమో?”

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే వాళ్ళు రాసిన పోస్టులు చూపిస్తే చదువుతాను. భాష భేషుగ్గా ఉంటుంది! తగువంతా వేరే చోట ఉంటుంది. ఆ సంగతి ఎవరూ వాళ్ళకి చెప్పరు. చెప్పకుండా మౌనంగా పక్కకి జరుగుతారు. పిల్లవాడేమో తన యాస మీద తనే అనుమానం పెంచుకుని ఆట మానేస్తాడు. ఇది అన్యాయం కదూ! అందుకే ఈ వారం తారల కబుర్లు కాస్త పక్కన పెట్టి ఈ సంగతి ఎత్తుకున్నాను.

నీ వేషం నీది, వాడి వేషం వాడిది

ముందు ఒక ఆట కల్పిద్దాం. ఇదంతా ఉత్తుత్తి కథ సుమండీ. సోమనాద్రి కట్టించిన గద్వాల కోట. అర్ధరాత్రి. తుంగభద్ర దాటి శత్రుసేన వస్తోందని వదంతి. గద్వాల కుర్రాడొకడు కోట కాపలావాడి వేషం కట్టాడు. వనపర్తి అమ్మాయి వేగు, అంటే గూఢచారి. నాగర్‌కర్నూల్ నుంచి కొత్తగా చేరినవాడికి సేనాపతి వేషం దొరికింది. కొత్తవాడికి పెద్ద వేషమే మరి, హుషారుగా ఉన్నాడు.

అమ్మాయి ఇలా రాసింది: ‘ఆమె పుట్టి దిగి ఒడ్డున నిలబడింది. తడిసిన కొంగులో ఏదో దాచుకుంది. కోట తలుపు వైపు చూస్తూ, సేనాపతిగారికి కబురు తెచ్చాను అంది.’

ఎంత బాగుందో చూడండి! కొంగులో ఏముంది? కబురు ఎవరు పంపారు? ఆమె మనమనిషేనా, పగవాడి మనిషా? మూడు తాళాలు చూపించింది, తాళంచెవులు తన దగ్గరే ఉంచుకుంది. ఇప్పుడు మన కొత్త సేనాపతి రాశాడు:

‘సేనాపతి బాణం వేశాడు. అది వేగు గుండెల్లో దిగింది. ఆమె కొంగులోని చీటీ సేనాపతి చేతిలో పెట్టి, నేను ద్రోహిని, క్షమించండి అని ప్రాణం విడిచింది.’

అయిపోయింది. ఆట అయిపోయింది! మూడు వాక్యాల్లో ఆ అమ్మాయి పాత్రని చంపేశాడు, ఆమె రహస్యం తనే విప్పేశాడు, పైగా ఆమె చేత తప్పు ఒప్పించి క్షమాపణ కూడా చెప్పించాడు. ఆ అమ్మాయి వారం రోజులు ఆలోచించుకున్న కథ మట్టిలో కలిసింది. ఆమె ఇంక ఏం రాస్తుంది? శవం ఏం మాట్లాడుతుంది? అందుకే జవాబు రాలేదు. యాస వల్ల కాదు నాయనా!

దీనికి ఈ ఆటలవాళ్ళు పెట్టుకున్న పేరు గాడ్ మోడింగ్. అంటే తనే దేవుడైనట్టు అందరి తలరాతలూ తనే రాయడం అన్నమాట. నేనైతే మన భాషలో ‘అడక్కుండా డబ్బింగ్ చెప్పడం’ అంటాను. ఎదుటి నటుడు నోరు విప్పకముందే వాడి గొంతుతో మీరు డైలాగు చెప్పేస్తే ఎలా ఉంటుంది?

మరి ఎలా రాయాలి? ‘సేనాపతి బాణం ఎక్కుపెట్టాడు. కొంగులో ఏముందో చూపించు అన్నాడు. వేలు ఇంకా నారి మీదే ఉంది.’ అంతే. బాణం మీది, వేలు మీది. అది తగులుతుందా, తప్పించుకుంటుందా, లేక ఆమె నవ్వి చీటీని నీళ్ళలో పారేస్తుందా అన్నది ఆమె రాయాలి. మీ వాక్యం చివర ఎదుటివాడికి చోటు మిగలాలి. కొన్ని గ్రూపుల్లో దెబ్బ తగిలిందీ లేనిదీ పాచికలు వేసి తేలుస్తారు. కొన్నింట్లో ఒకరికొకరు ముందే చెప్పుకుంటారు. ఏ పద్ధతైనా సరే, మీ ప్రయత్నం మీరు రాస్తారు, ఫలితం మీ ఒక్కరి చేతిలో ఉండదు.

ఇదేదో సీమదొరలు నేర్పిన మర్యాద అనుకునేరు. మన ఊళ్ళోనే ఉంది! గద్వాల సంస్థానానికి ‘విద్వద్గద్వాల’ అని పేరు రావడానికి కారణం కోట కాదు, అక్కడ జరిగిన కవుల సభలు. తిరుపతి వెంకట కవులు గద్వాలకూ వచ్చారు, ఆత్మకూరుకూ వచ్చారు. ఆత్మకూరు ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. వాళ్ళు చేసిన అవధానం ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. అందులో నిషిద్ధాక్షరి అడిగేవాడు మహా గడుసువాడు. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరువాత ఫలానా అక్షరం రాకూడదు అని అడ్డు పెడతాడు. అవధాని ఆ అడ్డు తప్పించి ఇంకో అక్షరం వేస్తాడు. మళ్ళీ అడ్డు. సభంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. కానీ ఎంత గడుసు పృచ్ఛకుడైనా అవధాని పద్యాన్ని తను చెప్పడు. అడ్డు పెట్టడం వరకే తన పని, దారి వెతుక్కోవడం అవధాని పని. అప్రస్తుత ప్రసంగం చేసేవాడి సంగతీ అంతే. మధ్యమధ్య కొంటె ప్రశ్నలు వేసి అవధాని ధ్యాస చెదరగొట్టాలి. సభ నవ్వాలి, అవధాని కూడా నవ్వాలి. అవధాని నొచ్చుకున్నాడంటే అడిగినవాడికే సభలో మర్యాద తగ్గుతుంది.

వంతు సంగతి కూడా అక్కడే నేర్చుకోవచ్చు. అవధాని ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో పాదం చెబుతూ వరసగా తిరుగుతాడు. మొదటి పాదం చెప్పించుకున్నవాడు రెండో పాదం కోసం అందరి వంతూ అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుంటాడు. మన కొత్త ఆటగాళ్ళకి ఆ ఓపిక ఉండదు. ఎదుటి అమ్మాయి అన్నం తిని వచ్చేలోగా ఆరు పోస్టులు వేసేస్తారు. ఆమె వచ్చి చూసేసరికి సేనాపతి కోట దాటి, నది దాటి, కర్నూలు చేరి, రాజుగారి కూతుర్ని పెళ్ళి చేసుకుని ఉంటాడు!

అక్షరాలకు నెత్తురు రాదా?

“అంతా ఉత్త రాతే కదా సార్, ఎవరికి దెబ్బ తగిలింది?” అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకోసం పాత కథ ఒకటి చెప్పాలి.

ఈ రాతల ఆట ఇప్పుడు పుట్టింది కాదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ‘మడ్’ అనే ఆట మొదలుపెట్టాడు. తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ దాన్ని పెంచాడు. ఒకే ఊహాలోకంలో చాలామంది ఒకేసారి తిరగడం, అదీ ఉత్త మాటలతో! ఇక్కడ మనం థియేటర్ల ముందు టిక్కెట్ల కోసం చొక్కాలు చింపుకుంటున్న రోజులవి. ఆ వరసలోనే 1990లో అమెరికాలో పావెల్ కర్టిస్ ‘లాంబ్డామూ’ అనే లోకాన్ని తయారుచేశాడు. అక్కడ కోట లేదు, యుద్ధం లేదు. పెద్ద భవంతి, అందులో గదులు. జనం వేషాలు కట్టుకుని వచ్చి కబుర్లాడుకునేవాళ్ళు. ఆ లోకాన్ని నడిపే పెద్దలకి ‘మాంత్రికులు’ అని పేరు.

1993లో ఒక రాత్రి ‘మిస్టర్ బంగిల్’ అనే వేషం కట్టినవాడొకడు ఆ హాలులోకి వచ్చాడు. చిన్న ప్రోగ్రాము ఒకటి వాడాడు. దాంతో వాడు రాసిన మాటలు ఇతరుల పాత్రలే చేస్తున్న పనుల్లా అందరి తెరల మీదా కనిపించాయి. ఇద్దరు ముగ్గురి పాత్రల చేత, వాళ్ళ ఇష్టం లేకుండా, రోత పుట్టించే పనులు చేయించాడు. ఆ వివరాలు ఈ పేజీలో రాయను. పాత్ర వెనక ఉన్న అసలు మనుషులు తమ తమ ఊళ్ళలో తమ ఇళ్ళలో క్షేమంగానే ఉన్నారు. ఒక్క గీత కూడా పడలేదు. అయినా వాళ్ళలో ఒకామె మరునాడు జరిగినదాని గురించి రాస్తూ నిజమైన కన్నీళ్ళు పెట్టుకుంది.

ఆ తరువాత ఆ లోకవాసులంతా సమావేశమయ్యారు. వాణ్ణి వెలివేయాలని కొందరు, ఉత్త మాటలకి శిక్ష ఏమిటని కొందరు. గంటల తరబడి వాదన జరిగింది గానీ తీర్మానం మాత్రం లేదు. చివరికి ఒక మాంత్రికుడు తనంతట తనే ఆ వేషాన్ని చెరిపేశాడు. కర్టిస్ తిరిగొచ్చాక, ఇలాంటి విషయాలు ఇకపై మీరే విన్నపాలు పెట్టుకుని ఓట్లు వేసి తేల్చుకోండని పద్ధతి పెట్టాడు. జూలియన్ డిబెల్ అనే రచయిత ఈ వ్యవహారాన్ని 1993 డిసెంబరులో ‘విలేజ్ వాయిస్’ పత్రికలో రాస్తే ప్రపంచమంతా చదివింది. నేటికీ ఈ ఆటల్లో పాటించే నియమాల వెనక ఆ రాత్రి నీడ కనిపిస్తూనే ఉంటుంది.

మన సేనాపతి బాణానికీ, బంగిల్ చేసినదానికీ హస్తిమశకాంతరం ఉంది, ఒప్పుకుంటాను. మనవాడిది తెలియనితనం, వాడిది దుర్మార్గం. కానీ రెండింటిలోనూ జరిగింది ఒకటే. ఇంకొకరి వేషం వాళ్ళ చేతిలోంచి లాక్కోవడం.

మీకు తెలుసు, మీ పాత్రకి తెలుసా?

‘నర్తనశాల’ చూశారుగా? 1963లో వచ్చింది. బృహన్నలగా ఎన్.టి.రామారావు, ఉత్తర కుమారుడుగా రేలంగి. బృహన్నలే అర్జునుడని హాలులో నేల టిక్కెట్టువాడికి కూడా తెలుసు. ఉత్తర కుమారుడికి మాత్రం తెలియదు. రథం జమ్మిచెట్టు దగ్గరికి చేరేదాకా తెలియదు. ఆ తెలియకపోవడంలోనే ఉంది హాస్యమంతా. రేలంగి మొదటి సీనులోనే “దణ్ణం అర్జునా!” అనేస్తే ఇంకేముంది, శుభం కార్డు వేసి ఇంటికి పోవడమే!

కొత్తవాళ్ళు సరిగ్గా ఇదే చేస్తుంటారు. వనపర్తి అమ్మాయి తన పోస్టులో ‘చీటీలో ఉన్నది తమ్ముడి పేరని ఆమెకి తెలుసు’ అని మనసులో మాట రాసిందనుకోండి. అది పాఠకుడికి చెప్పిన మాట. కోట కాపలావాడు వెంటనే “నీ తమ్ముడి చీటీ ఇటియ్యి” అంటే, వాడికి ఎలా తెలిసింది? ఫోన్లో చదివి తెలుసుకున్నది మీరు. కోట గోడ మీద నిలబడ్డవాడి దగ్గర ఫోను లేదు కదా! దీన్ని మెటా గేమింగ్ అంటారు. పోస్టు వేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ సంగతి నా పాత్ర కళ్ళతో చూసిందా, చెవులతో విందా? లేదంటే తెలుసుకునే దారి కథలోనే వెతకండి. ఆ వెతుకులాటే మంచి సీను అవుతుంది.

ఇక వేషంలో ఉన్నప్పటి మాటకీ, వేషం తీసిన తర్వాతి మాటకీ తేడా చూపించడం ఒకటుంది. సినిమాలో ఐతే డైరెక్టరు “కట్” అంటాడు. ఎస్.వి.రంగారావు కీచకుడుగా కళ్ళెర్రజేస్తే సైరంధ్రిగా సావిత్రి వణికింది. “కట్” అన్నాక ఇద్దరూ సాటి నటులే. ఆరేళ్ళ ముందు 1957లో ‘మాయాబజార్’లో ఆ రంగారావు ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారితే, ఆ మగఠీవి అంతా సావిత్రే చేసి చూపించింది! ఒకరి పనిని ఒకరు ఎంత జాగ్రత్తగా చూసుకుని ఉంటే అది కుదిరిందో!

రాతల ఆటలో “కట్” అనేవాడు లేడు. అందుకని జంట బ్రాకెట్లు వాడతారు. ((అన్నయ్యా, రేపు ల్యాబ్ పరీక్ష ఉంది, రెండు రోజులు రాలేను)) అని రాస్తే అది వేగు మాట కాదు, వనపర్తి అమ్మాయి మాట. కొన్ని గ్రూపుల్లో ఇలాంటి కబుర్లకి వేరే గదే ఉంటుంది. మీ వేగుని ఎవరో తిట్టారనుకోండి, తిట్టింది వేగుని. మీకు నిజంగానే నొప్పి తగిలితే మనసులో పెట్టుకుని కథలో పగ తీర్చుకోవద్దు. బ్రాకెట్లలో నెమ్మదిగా చెప్పండి: ((ఈ సీను నాకు ఇబ్బందిగా ఉంది, దారి మారుద్దామా?)). మంచి గ్రూపులో ఆ మాటకి ఎదురు ప్రశ్న ఉండదు. ఎదురు ప్రశ్నలు వేశారంటే ఆ గ్రూపు సంగతి మీకు తెలిసిపోయినట్టే, లేచి వచ్చేయండి.

ఎంతమంది కృష్ణులు?

చేరగానే అందరికీ బాహుబలి వేషమే కావాలి. తప్పు లేదు, ఎవరికి ఉండదు ఆశ! కానీ ఆ వేషం అప్పటికే ఒకరు కట్టి ఉంటారు. మన పద్యనాటకాల్లో దీనికి మంచి పరిష్కారం ఉంది. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు రాత్రంతా ఆడేటప్పుడు ఒకే నాటకంలో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ముగ్గురు వేరువేరు నటులు ఆ వేషం కట్టిన రోజులున్నాయి. ఒకడు దిగాకే ఇంకొకడు ఎక్కుతాడు. ఒకేసారి ఇద్దరు కృష్ణులు స్టేజీ మీదకి వస్తే చూసేదెవరు? కాబట్టి ముందు అడగండి, ఖాళీగా ఉందా అని. లేకపోతే సొంత పాత్ర తయారుచేసుకోండి. నన్నడిగితే అదే మేలు. బాహుబలిగా మీరు ఏం చేసినా ప్రభాస్‌తో పోలుస్తారు. పుట్టి నడిపేవాడి వేషం కట్టారనుకోండి, పోల్చడానికి ఎవరూ లేరు! పైగా మన కృష్ణ ఒడ్డున పుట్టి ఎలా తిప్పుతారో మీకు తెలిసినట్టు హైదరాబాదువాడికి తెలుస్తుందా?

మూడు వేషాలు ఒక్కడే కట్టడం కూడా వద్దు. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో రామారావు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తనే చేసి, డైరెక్షను కూడా తనే చేశారు. అది ఆయనకి చెల్లింది. అది నాలుగు గంటలకి కాస్త తక్కువ సినిమా కూడాను. పోస్టులు ఆ కొలతలో రాయకండి బాబూ! ఎదుటివాళ్ళు ఐదు వాక్యాలు రాస్తుంటే మీరు ఐదో ఆరో రాయండి. మరీ ‘ఊఁ’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే దానికి జవాబు ఏం రాయాలో ఎవరికీ తోచదు.

మీ పాత్రని అన్నీ వచ్చినవాడిగా చేయడం మరో సరదా రోగం. పదహారేళ్ళకే అన్ని విద్యలూ, అందం, విషాదమైన ఫ్లాష్‌బ్యాకు, ఓటమి తెలియని కత్తి. అలాంటివాడితో ఎవరు ఆడతారు? మీ సేనాపతికి చీకట్లో చూపు సరిగా ఆనదని పెట్టి చూడండి, కథ దానంతటదే పరుగెత్తుతుంది.

అభిమాన సంఘాల గొడవలు కూడా ఇక్కడికి తేకండి. మీ హీరో కలెక్షన్లకీ కోట మీద కాపలాకీ ఏం సంబంధం?

ఈ మధ్య ఇంకోటి మొదలైంది. పోస్టు తను రాయకుండా యంత్రం చేత రాయించి అంటించడం. నలుగురూ చెమటోడ్చి రాస్తున్నచోట అది ప్లేబాక్ పెట్టి పెదాలు కదపడమే. గ్రూపులో ఒప్పుకుంటే మీ ఇష్టం, కానీ చెప్పి చేయండి.

యాస మాటేమిటి?

మళ్ళీ మొదటి ప్రశ్నకి వద్దాం. చాలా ఏళ్ళు మన సినిమాల్లో తెలంగాణ మాట రౌడీకో, నవ్వులపాలయ్యే నౌకరుకో పెట్టారు. అది చూసి పెరిగినవాళ్ళు వేషాల ఆటలోనూ రాజు పాత్రకి పుస్తకాల భాష, దొంగకి మన భాష పెడుతుంటే మీకు మంట పుట్టడం సహజం. కానీ కాలం మారింది. 2017లో ‘ఫిదా’లో భానుమతి తన మాటే మాట్లాడి హాళ్ళు నింపింది. 2023లో ‘బలగం’ సాంతం పల్లె మాటతోనే నడిచింది. కోట కాపలావాడు “ఎవరది? యాడికి వోతున్నవ్?” అంటే ఆ చీకటి, ఆ కోట కళ్ళకి కడుతుంది. సిగ్గెందుకు?

అయితే ఒక్క జాగ్రత్త. మీ యాసతో మీ పాత్ర మాట్లాడనివ్వండి. తెలియని యాసని వెటకారానికి వాడకండి. గోదావరివాణ్ణి చూసినా, రాయలసీమవాణ్ణి చూసినా అదే మర్యాద. రాసేది తెలుగు లిపిలోనా, ఇంగ్లీషు అక్షరాల్లోనా అన్నది గ్రూపు రివాజు ఎలా ఉంటే అలా. చేరగానే నాలుగు రోజులు ఏమీ రాయకుండా పాత పోస్టులు చదివితే ఇవన్నీ వాటంతటవే తెలుస్తాయి. పైన అంటించి పెట్టిన నియమాలు చదవడం మరవద్దు. ఎవరూ చదవరనే ధీమాతోనే ఉంటారు అందరూ!

అమ్మాయిలకి... అబ్బాయిలకి కూడా

ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. సేనాపతి వేగుని ప్రేమించాడు. బాగుంది. పాటలు కూడా పాడుకోనివ్వండి. కానీ సేనాపతిగా ప్రేమించిన కుర్రాడు రాత్రి పదకొండింటికి విడిగా మెసేజి పెట్టి, “నిజంగా నువ్వు ఏ కాలేజీ?” అని అడిగితే అది ఆట కాదు. ప్రేమించింది పాత్ర. ఆ అమ్మాయి కాదు. ఆమె కథలో ఒప్పుకున్నది కథకే చెల్లుతుంది. ప్రేమ సీను మొదలుపెట్టాలన్నా ముందు బ్రాకెట్లలో అడగాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళతో పెద్దల సీన్లు రాయడం ఎవరూ ఎక్కడా చేయకూడదు. ఎవరైనా చేద్దామంటే వాళ్ళతో వాదించనక్కర్లేదు. ఆ మాటలు తెర మీద ఉండగానే ఫోటో తీసి పెట్టుకుని గ్రూపు పెద్దలకి చూపించండి, వాళ్ళని బ్లాక్ చేయండి. వ్యవహారం బెదిరింపుల దాకా పోతే సైబర్ నేరాల నంబరు 1930 ఉంది, పిల్లలకి 1098 ఉంది. ఇంట్లో అక్కకో అమ్మకో చెప్పండి. తిడతారేమోనని దాచవద్దు.

మన ఊళ్ళవాళ్ళకి ఇంకో సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. హైదరాబాదులో ‘నేను ఫలానా కాలేజీ, రెండో సంవత్సరం’ అంటే వందలమందిలో ఒకరు. వనపర్తిలో ప్యాలెస్‌లో ఉన్న పాలిటెక్నిక్, ఫలానా బ్రాంచి, రెండో ఏడు, అమ్మాయి, అన్నారనుకోండి. ఇంకేం మిగిలింది? సాయంత్రానికి ఇల్లు వెతుక్కుని రావచ్చు! గద్వాలలో ‘మా ఇల్లు ఫలానా గుడి వెనక’ అన్నా అంతే. కాబట్టి చిన్న ఊరివాళ్ళు పెద్ద ఊరివాళ్ళకన్నా తక్కువ చెప్పుకోవాలి. వేషానికి పెట్టుకున్న పేరు చాలు. ఫోటో, ఫోను నంబరు, బస్సు దిగే స్టాపు ఎవరికీ అక్కర్లేదు. అలాగే మీకు తెలిసిన అమ్మాయి ఆ గ్రూపులో వేరే పేరుతో ఆడుతోందని మీరు కనిపెట్టినా సరే, నలుగురిలో ఆ పేరు బయటపెట్టకండి. ఆమె ముసుగు తీసే హక్కు ఆమెది. అజ్ఞాతవాసంలో ఉన్నవాళ్ళని పట్టిచ్చే పని దుర్యోధనుడి గూఢచారులది!

ఇక ఆట మానేయాలనుకుంటే ఎలాగో చెప్పి ముగిస్తాను. పరీక్షలొస్తాయి, ఉద్యోగాలొస్తాయి, ఉత్తగానే విసుగూ వస్తుంది. ఎవరూ ఏమీ అనుకోరు. కానీ చెప్పకుండా మాయమైతే మీ పుట్టివాడు కృష్ణ నడిమధ్యలో సుడిలో తిరుగుతూ ఉంటాడు, అందులో ఎక్కిన వేగు, కాపలావాడు మీకోసం కూర్చునే ఉంటారు. బ్రాకెట్లలో ఒక ముక్క రాసి, ఒక చివరి పోస్టు వేసి వెళ్ళండి. చిన్నదే చాలు. ‘తెల్లారుతుండగా పుట్టి ఒడ్డు చేరింది. పుట్టివాడు తెడ్డు ఆమె చేతిలో పెట్టి, ఊళ్ళో పనుంది, మళ్ళా వస్తనమ్మా అని గట్టెక్కాడు.’ తెడ్డు ఇప్పుడు ఆ వనపర్తి అమ్మాయి చేతిలో ఉంది. ఎటు తిప్పుతుందో ఆమె ఇష్టం.